ఎదుటి పార్టీ కారు

మా గురువుగారి సంతాప సభలో నేను మాట్లాడకుండా లేచి వచ్చేశాను. కోర్టు ఆవరణలో లాయర్లం కూర్చునే హాల్లోనే పెట్టారు సభ. ఫొటోకి బంతిపూల దండ, పక్కన అగరొత్తులు, వెనక వరసల్లో ఫోన్లు చూసుకుంటున్న కొత్త లాయర్లు. "సోమయాజులు గారి దగ్గర పనిచేసిన మొదటి ఆడ జూనియర్ మీరే కదా మేడమ్, నాలుగు మాటలు చెప్పాలి" అని నా పేరు రాసుకున్నారు. చెబుదామనే వెళ్ళాను. ఆయన నాకు వృత్తి నేర్పారు. ఆడపిల్లకి ప్లీడరు పనేంటని నలుగురూ నవ్వుతున్న రోజుల్లో తన పక్కన కుర్చీ వేయించారు. ఇవన్నీ మనసులో వరసగా పేర్చుకుని కూర్చున్నాను. నాకంటే ముందు భాస్కరరావు గారు లేచారు. ఎనభై దాటిన మనిషి, అల్లుడి భుజం పట్టుకుని మైకు దగ్గరికొచ్చారు. ఆయనకి బోలెడు కొబ్బరితోట. ఆయనా, గురువుగారూ చిన్నప్పుడు ఒకే బళ్ళో చదువుకున్నారు. ఆయన చెప్పిన కథ ఇదీ.

"మా తోటలో దింపువాడు చెట్టు మీంచి పడ్డాడండి అప్పట్లో. నా మీద కేసయింది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. వాయిదా ముందు రోజు మా సోమయాజులే ఫోను చేశాడండి. ఒరేయ్, నీ కారు పెట్టు, నువ్వూ కూర్చో, వాణ్ణి నువ్వే దగ్గరుండి వాయిదాకి తీసుకెళ్ళు, కేసు ఊసు మాత్రం ఎత్తకు అన్నాడు. అంతేనండి. ఎవరికీ నొప్పి లేకుండా తేలిపోయింది. అదండీ ఆయన పెద్దరికం."

హాల్లో అందరూ తలలూపారు. నా పక్కనున్నాయన "ఆ రోజుల్లో మనుషులే వేరండి" అని నిట్టూర్చాడు కూడా. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పడ్డవాడి తరఫు లాయరెవరనుకున్నారు? సోమయాజులు గారే. నీ తరఫున మేం నిలబడతామని అతని వేలిముద్ర వేయించుకున్న వకాల్తా మీద మొదటి సంతకం ఆయనది, రెండోది నాది. పాతికేళ్ళకు పైగా ఆ కారు గురించి నన్ను నేనే తిట్టుకున్నాను. నా బుర్ర ఏమైందని, అంత చిన్న సంగతి ఎలా తట్టలేదని. అది నా మరుపు కాదని, మా గురువుగారి ఏర్పాటని ఆ మైకులో తెలిసింది. అదీ పొగడ్తగా. చేతిలో ఉన్న కాఫీ గ్లాసు కుర్చీ కింద పెట్టేసి బయటికొచ్చేశాను. నాలుగు మాటలు అడిగారు కదా, ఇక్కడ రాస్తున్నాను.

ఆయన ఆఫీసంటే వేరే ఏమీ కాదు, ఇంటి ముందు వసారా, దానికి ఆనుకుని ఒక గది. పొద్దున్నే నేను వెళ్ళేసరికి పిన్నిగారు, అంటే గురువుగారి భార్య, వసారా కడిగించి ముగ్గు పెట్టించి ఉండేవారు. ఆ తడి ఆరకముందే క్లయింట్లు దిగిపోయేవారు. వేరే ప్లీడర్ల ఇళ్ళ ముందు గట్టు తగాదాల వాళ్ళు కనబడేవారు. మా వసారాలో గోడకి ఆనించిన చేతికర్రలు కనబడేవి. రావులపాలెం రోడ్డు మీద లారీ గుద్దినవాళ్ళు, బస్సు మెట్టు మీంచి జారినవాళ్ళు, ట్రాక్టరు తొట్టెలోంచి పడ్డవాళ్ళు. కొందరు ఆసుపత్రిలో వేసిన సిమెంటు కట్టుతో, కొందరు ఊళ్ళో కట్టించుకున్న పసరు కట్టుతో వచ్చేవారు. ఆ పసరు వాసన, టించరు వాసన, లోపల్నుంచి ఇంగువ పోపు వాసన. కాగితాలు అంటించడానికి పిన్నిగారు మైదా పిండిలో పురుగు పట్టకుండా మైలుతుత్తం వేసి గిన్నెడు జిగురు ఉడికించి పంపేవారు. అదో వాసన. ఇవన్నీ కలిసి నా చీరలకి పట్టేసేవి. ఇంటికెళ్తే మా అమ్మ "ఆసుపత్రికెళ్ళావా, కోర్టుకెళ్ళావా?" అనేది. ఆ రోజుల్లో నాకది గొప్పగా ఉండేది. నలుగురికీ పనికొచ్చే పని చేస్తున్నానని కాస్త పొగరు కూడా ఉండేది.

గురువుగారు తెల్లవారుజామునే స్నానం, సంధ్య ముగించి, కాఫీ గ్లాసుతో పడక కుర్చీలో కూర్చునేవారు. ముక్కుపొడుం అలవాటు. చిటికెడు పీల్చి, చెయ్యి దులుపుకుని, ఎదురుగా ఉన్నవాణ్ణి మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే. "బయటికెలా వెళ్తున్నావురా?" వాడు సిగ్గుతో నా వైపు చూసేవాడు. "ఆ అమ్మాయి లాయరు, చెప్పు" అనేవారు. పంచె ఎవరు కడుతున్నారు, స్నానం ఎలా, పీట మీద కూర్చోగలవా, పడుకుంటే ఏ పక్కకి తిరుగుతావు. డాక్టరు కాగితం అన్నిటికన్నా చివర చూసేవారు. "డాక్టరు ఎముక సంగతి రాస్తాడు అమ్మాయ్. మనం బతుకు సంగతి రాయాలి" అని నాకు చెప్పేవారు. ఒకసారి కుడిచెయ్యి పోయిన వడ్రంగి కేసులో జడ్జిగారితో అన్నారు: "ఈయన ఎడంచేత్తో తింటున్నాడండి. ఏ పెళ్ళిలోనైనా ఎడంచేత్తో తినేవాడి పక్కన పంక్తిలో ఎవరైనా కూర్చుంటారేమో తమరే చెప్పండి. ఈయన పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేశాడండి." జడ్జిగారు రాయడం ఆపి ఆ వడ్రంగి వైపు చూశారు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అలాంటి లాయరు ఆయన. అందుకే నాకింత మంట.

ఒక సంగతి కనిపెట్టడానికి మాత్రం నాకు రెండేళ్ళు పట్టింది. లారీ అయితే, బస్సు అయితే, అవతల ఇన్సూరెన్సు కంపెనీ ఎక్కడో మెడ్రాసులో ఉంటే మా గురువుగారు పులి. అదే అవతలవాడు మన ఊరి రైసుమిల్లాయనో, ట్రాక్టరున్న రైతో, తోటున్న మనిషో అయితే గొంతే మారిపోయేది. "కోర్టులెందుకురా, కూర్చుని మాట్లాడుకుందాం" అనేవారు. ఆ కూర్చోవడం మా వసారాలోనే. మిల్లాయన కుర్చీలో, దెబ్బ తగిలినవాడు మెట్టు మీద. అందరికీ కాఫీ వచ్చేది. కింద కూర్చున్నవాడు తాగిన గ్లాసు వాడే కుళాయి దగ్గర కడిగి బోర్లించేవాడు. చివర్లో వాడే లేచి అందరికీ దండం పెట్టి వెళ్ళేవాడు. నేను ఆ రాజీ కాగితాలు రాసేదాన్ని. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని గురువుగారు మురిసిపోయేవారు. గుండ్రంగానే రాశాను, నా మొహం.

నేనేదో పైనుంచి ఊడిపడ్డ మనిషిలా మాట్లాడుతున్నానని అనుకోకండి. మా నాన్న స్కూలు మాస్టారు, మా పెరట్లోనూ తొమ్మిది కొబ్బరి చెట్లుండేవి. రెండు నెలలకోసారి దింపు. దింపంటే చెట్టెక్కి కాయలు దించడం. దింపతను వచ్చి, కాళ్ళకి తాడు బంధం వేసుకుని, చెట్టుకి చెయ్యి ఆనించి కళ్ళకద్దుకుని, మా నాన్న వైపు తిరిగి "ఎక్కమంటారాండి?" అనేవాడు. మా నాన్న పేపరు వెనకనుంచి "ఎక్కు" అనేవారు. అప్పుడెక్కేవాడు. కోనసీమంతా ఇదే పద్ధతి. పదేళ్ళుగా ఎక్కుతున్న చెట్టయినా సరే, ఆ ఒక్క మాట పడకుండా ఎవరూ ఎక్కరు. అడక్కుండా చెట్టెక్కినవాడు దొంగ. కూలి కింద చెట్టుకింతని కాయలే ఇచ్చేవారు. కాయలు ధబాధబా పడుతుంటే మా అమ్మ పెరటి తలుపేసి వంటింట్లోనే ఉండమనేది. మన తల మీద కాయ పడుతుందేమోనన్న భయమే మా ఇంట్లో అందరికీ. పైనున్నవాడు పడతాడేమోనని ఒక్కరోజు ఎవరూ అనుకోలేదు.

నూకరాజు అలా పడ్డవాడు. భాస్కరరావు గారి తోటలో మీసాలు రాకముందు నుంచీ ఎక్కుతున్న మనిషి. వాన వెలిసిన పొద్దున, మాను జారుతోందండి, రేపెక్కుతానండి అన్నాడట. వ్యాపారి లారీ వచ్చి నిలబడింది, ఎక్కెయ్యి అన్నారట భాస్కరరావు గారు. మూడో చెట్టు మీంచి పడ్డాడు. నడుం విరిగింది. నడుం కింద ఇంక ఏమీ పనిచెయ్యలేదు. భాస్కరరావు గారు తన అంబాసిడర్‌లోనే వేసుకుని కాకినాడ తీసుకెళ్ళారు, అక్కడ చిన్నపిల్లాడిలా ఏడ్చారు కూడా. మందులకి ఆయనే పెట్టుకున్నారు. ఇంటికొచ్చాక నెలనెలా బియ్యం పంపారు. ఊరంతా ఆయన్ని దేవుడంది.

మా దగ్గరికి మొదట వచ్చింది నూకరాజు భార్య మంగ. ఆసుపత్రి కాగితాలు పాలితీన్ కవర్లో చుట్టి పట్టుకొచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. "లారీ గుద్దినోళ్ళకి ఇప్పిత్తారంట కదండి. చెట్టు మీంచి పడ్డోళ్ళకి ఇప్పించరాండి?" అని అడిగింది. అప్పటికి గురువుగారు కోర్టుకెళ్ళిపోయారు. నేను పనివాళ్ళ నష్టపరిహారం చట్టం బయటికి తీసి చదివాను. పనిలో ఉండగా దెబ్బ తగిలితే యజమాని ఇవ్వాలి, లేబరాఫీసరు విచారించాలి. ఉంది చట్టం. మరి ఇన్నేళ్ళుగా ఒక్క దింపువాడి కేసైనా మా వసారాకి ఎందుకు రాలేదా అని నాకు అప్పుడు తట్టలేదు. నువ్వేం పని చేస్తున్నావని మంగనడిగితే, భాస్కరరావు గారింట్లో అంట్లు, బట్టలు, పశువుల కొట్టం అంది. జీతమెంత అన్నాను. వింతగా చూసింది. "జీతమేంటండి, బియ్యం ఇత్తన్నారు కదండి" అంది. నూకరాజు పడ్డాకే మొదలైందట ఆ పని. ఎవరూ రమ్మనలేదట, బియ్యం ఊరికే ఎలా తింటామని తనే వెళ్ళిందట. తర్వాత ఒక పూట వెళ్ళకపోతే కబురొచ్చేది.

వాళ్ళ ఊరెళ్ళి నూకరాజుని చూశాను. నులకమంచం మీద పడుకుని, మంచం కోడు పట్టుకుని పైకి లేవబోయాడు, లాయరుగారొచ్చారని. గురువుగారు నేర్పిన ప్రశ్నలన్నీ అడిగాను. అతని కోరిక ఒకటే. కాలవ వంతెన దగ్గర ఒక బడ్డీ కొట్టు. మంచం మీద కూర్చుని చేతులతో చేసే పనే కదా, బీడీలూ సోడాలూ అమ్ముకోడం. "అప్పుడు దీన్ని ఆ ఇంటికి పంపక్కర్లేదండి" అన్నాడు మంగని చూపించి. ఆ కొట్టు కోసమే ఆ కేసు. నూకరాజు గౌరవంగా కూర్చోవడానికీ, మంగ ఆ అంట్ల దగ్గర్నుంచి లేచి రావడానికీ.

గురువుగారితో చెబితే పొడుం డబ్బీ మూత తీసి చిటికెడు పీల్చారు. "ఇవాళ వీడికిస్తే రేపు ప్రతి చెట్టూ ఒక కేసేనమ్మాయ్" అన్నారు. ఆయనకీ తోట ఉంది. మా గుమస్తాకీ నాలుగు చెట్లున్నాయి. కోర్టులో నల్లకోటు వేసుకున్న ప్రతివాడికీ ఎక్కడో ఓ చోట చెట్లున్నాయి. నేను వాదించాను. ఆయన ముందు గొంతు పెంచడం అదే మొదటిసారి. "వడ్రంగి పంక్తి సంగతి చెప్పింది మీరే కదండీ" అన్నాను. ఆయన నవ్వి వకాల్తా మీద సంతకం చేసి "సరే, ఇది నువ్వే చూసుకో" అన్నారు. నేను గాల్లో తేలిపోయాను. నా మొదటి సొంత కేసని ఇంటికెళ్ళి చెప్పుకున్నాను.

సాక్షులు దొరకలేదు. తోటి దింపువాళ్ళని అడిగితే "రేపట్నించి మేం ఎవరి చెట్టెక్కాలండి?" అన్నారు. వ్యాపారి లారీ వాళ్ళెవరో తెలీదు. నూకరాజు నోటి మాట తప్ప నా చేతిలో ఇంకేం లేదు. అతను మాత్రం రెండుసార్లు నాకు తడుముకోకుండా చెప్పాడు. ఎక్కమంటారాండి అని అడిగింది, మాను జారుతోందన్నది, ఎక్కెయ్యి అన్న జవాబు. "జరిగింది జరిగినట్టు చెప్పడానికి నాకేం బయం అండి" అన్నాడు. ఇంక అతన్ని కాకినాడ లేబరాఫీసుకి చేర్చడమే మిగిలింది. అప్పటికి మాకు గోదావరి మీద అటువైపు వంతెన లేదు. బస్సులో రేవుకి, రేవులో కార్లని కూడా ఎక్కించుకునే పంటు పడవ మీద కోటిపల్లికి, మళ్ళీ బస్సు. నడుం లేని మనిషిని అలా తీసుకెళ్ళలేం. టాక్సీ మాట్లాడదామనుకుంటే గురువుగారు "కారు సంగతి నేను చూస్తాలే" అన్నారు. లారీ కేసుల్లో ఎన్నోసార్లు క్లయింట్ల కోసం ఆయన సొంత ఖర్చుతో టాక్సీ పెట్టారు. ఇదీ అంతే అనుకున్నాను. ఎంత మంచి మనిషండీ అని పిన్నిగారితో అన్నాను కూడా.

నేను ముందుగా బస్సులో వెళ్ళి లేబరాఫీసు గేటు దగ్గర నిలబడ్డాను. ఎదురు చూస్తున్న టాక్సీ రాలేదు. భాస్కరరావు గారి అంబాసిడర్ వచ్చింది. టాక్సీ సంగతి గురువుగారు మరిచిపోయి ఉంటారు, ముందు రోజు మళ్ళీ గుర్తు చెయ్యకపోవడం నాదే తప్పు అనుకున్నాను. ముందు సీట్లోంచి ఆయనే దిగి, వెనక తలుపు తెరిచి "జాగ్రత్త, జాగ్రత్త" అంటూ డ్రైవరు చేత నూకరాజుని ఎత్తించారు. "అమ్మా, మనవాణ్ణి భద్రంగా తెచ్చాను" అన్నారు నాతో. మనవాడట. ఎక్కణ్ణుంచి వచ్చిందో మంగ కూడా వచ్చి ఓ పక్క పట్టుకుంది. నూకరాజు ఒంటి మీద ఇస్త్రీ చొక్కా. అది భాస్కరరావు గారిదని వదులుగా వేలాడుతున్న భుజాలే చెప్పాయి. మెడ చుట్టూ ఆయన కండువా. "పంటు మీద గాలి కొట్టిందని అయ్యగారే కప్పారండి. కోటిపల్లిలో ఇడ్లీ పెట్టించారండి, ఆయనే తుంచి పెట్టారండి" అన్నాడు. కేసు గురించి ఏమైనా అన్నారా అని చెవిలో అడిగాను. "ఊసే ఎత్తలేదండి. చిన్నప్పటి కబుర్లు చెప్పారండి. మా నాన్నని కూడా తలుచుకున్నారండి" అన్నాడు. ఇరవయ్యేళ్ళకి పైగా ఆయన చెట్లెక్కిన మనిషి ఆయన పక్కన కూర్చోవడం అదే మొదలు. అప్పటికైనా నేను వాయిదా అడగాల్సింది. అడగలేదు.

లోపల లేబరాఫీసరు ముందు నేనడిగిన మొదటి ప్రశ్నలకి బాగానే చెప్పాడు. పేరు, ఊరు, ఎన్నేళ్ళుగా దింపు. ఆ రోజు నిన్నెవరు పిలిచారన్నాను. నూకరాజు కిటికీ దగ్గర కూర్చున్న భాస్కరరావు గారి వైపు చూశాడు. ఆయన తల దించుకుని ఉన్నారు. "నన్నెవరూ పిలవలేదండి. దాహమేసి బొండం కోసం నాకు నేనే ఎక్కానండి" అన్నాడు. ఎదుటి లాయరు ప్రశ్నలు రాసుకొచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అడక్కుండా నువ్వెప్పుడైనా ఎవరి చెట్టయినా ఎక్కావా నూకరాజూ?" అన్నాను. "ఆ రోజు ఎక్కానండి. తప్పయిపోయిందండి" అని భాస్కరరావు గారికి రెండు చేతులూ జోడించాడు. జీవితమంతా ఒక్క కాయ అడక్కుండా ముట్టని మనిషి, ప్రభుత్వం కాగితం మీద తనని తాను దొంగని చేసుకున్నాడు. భాస్కరరావు గారు కండువా లేదు కాబట్టి పంచె చెంగుతో కళ్ళు తుడుచుకున్నారు.

బయట వరండాలో బల్ల మీద పడుకోబెట్టిన ఆ మనిషిని నేను తిట్టాను. నీకు సిగ్గు లేదా అన్నాను. నడుం విరిగిన మనిషి మీద ఆఫీసంతా చూస్తుండగా అరిచాను. అతను ఓపిగ్గా విని, "ఆయన కారులో వచ్చి ఆయన మీద ఎలా చెప్పమంటారండి?" అన్నాడు. నిజంగానే అడిగాడు, నేనేదైనా దారి చెబుతానేమోనని. మళ్ళీ అదే కారులో ఎక్కించారు. కేసు కొట్టేశారు. పై కోర్టుకెళ్దామంటే సొంత మనిషే కాదన్న కేసుని ఎవరు వింటారు? గురువుగారు "పోనీలే అమ్మాయ్, వాడు ఆ ఊళ్ళోనే బతకాలి కదా" అన్నారు. నన్ను ఓదారుస్తున్నారనుకుని ఆయన ముందు ఏడ్చాను. పిన్నిగారు మంచినీళ్ళు తెచ్చిచ్చారు. ఆ తర్వాత నాలుగేళ్ళు అదే వసారాలో కూర్చుని, అవే గుండ్రటి అక్షరాలు రాశాను. ఇది కూడా చెప్పాలి కదా, ఒక్కరి మీదే పెట్టేస్తే ఎలా.

గురువుగారి పక్షాన మాట్లాడేవాళ్ళు ఉంటారు, నాకు తెలుసు. కేసు గెలిస్తే ఆ బియ్యం ఆగిపోయేవి కదా, ఊళ్ళో వాళ్ళని ఎవరు చూసేవారంటారు. ఆ బియ్యం ఊరికే వచ్చాయా? మంగ తోమిన అంట్లవి, ఎత్తిన పేడవి అవి. దాన్ని దయ అన్నారు, మనం నమ్మాం. ఇప్పుడు మా వృత్తి పాడైపోయిందని పెద్దవాళ్ళు బాధపడుతున్నారు. నిజమే, ఆసుపత్రి మెట్ల దగ్గరే ఏజెంట్లు కాచుకుంటున్నారు. దెబ్బల ఫొటోలు వాట్సాప్‌లో వస్తున్నాయి. దింపువాళ్ళు దొరక్క తోటల వాళ్ళు బతిమాలుకుంటున్నారు. మొన్నో తోట యజమాని నా క్లయింటుతో మొహం మీదే "చేతనైంది చేసుకో, కోర్టులో చూసుకుందాం" అన్నాడట. మర్యాదలు పోయాయని నా గుమస్తా వాపోయాడు. నాకు మాత్రం హాయిగా అనిపించింది. అలాంటివాడి మీద నా క్లయింటు నిలబడి మాట్లాడగలడు. మా గోదావరి జిల్లాల మర్యాద గురించి ఎవరైనా పొగుడుతుంటే నాకు ఆ ఇస్త్రీ చొక్కా, ఆ కండువా, ఆ తుంచి పెట్టిన ఇడ్లీ కళ్ళ ముందు కనబడతాయి. ఎదుటి పార్టీ ఎంత మర్యాదస్తుడైతే నేనంత ముందుగా నా క్లయింటుకి టాక్సీ మాట్లాడతాను.

ఇంకొక్కటి రాయాలి. ఇంత కోపం రాశాక నా తప్పు దాచుకుంటే నాకూ ఆ మైకు ముందు నిలబడ్డాయనకీ తేడా లేదు. ఆ రోజు నూకరాజు సాక్ష్యం అయ్యాక ఆఫీసరుగారు నన్నడిగారు, "మీ వైపు ఇంకెవరైనా సాక్షులున్నారా అమ్మా?" అని. లేరండి అన్నాను. కేసు కొట్టేసిన కాగితం ఇవ్వడానికి తర్వాత వాళ్ళ ఊరెళ్ళాను. నూకరాజు గోడ వైపు తిరిగి పడుకున్నాడు, నన్ను చూడలేక. మంగ నన్ను కాలవ గట్టుదాకా సాగనంపడానికి వచ్చింది. ఉన్నట్టుండి "నన్నెందుకు పిలవలేదండి లోపలికి?" అంది.

"నువ్వేం చెప్పేదానివి మంగా?"

"ఎక్కెయ్యమన్న మాట నేనూ విన్నానండి. ఆ చెట్టు కిందే కాయలు పోగేత్తన్నాను. దింపుకి ఎప్పుడూ ఇద్దరం వెళ్తాం కదండి."

ఎన్నిసార్లు వచ్చింది నా దగ్గరికి. ఆయన ఎలా పడుకుంటాడు, ఎలా తింటాడు అని అన్నీ అడిగాను. నువ్వెక్కడున్నావని ఒక్కసారి అడగలేదు. సిగ్గు కప్పుకోవడానికి లాయరు బుద్ధి తన్నుకొచ్చింది.

"నువ్వు మాత్రం చెప్పగలిగేదానివా? నువ్వూ ఆయన కారులోనే వచ్చావు కదా" అన్నాను.

"కారు ఎక్కలేదండి. ఎక్కమన్నారు, నేనే ఎక్కలేదు. సాచ్చికం చెప్పాలి కదా అని బస్సులో వచ్చానండి. మీరెక్కిన పంటు మీదే ఉన్నాను. కాగితాలు చదూకుంటన్నారని పలకరించలేదండి" అంది మంగ. అంట్లకి పొద్దెక్కిపోయిందని చెప్పి, భాస్కరరావు గారింటి వైపు గబగబా నడిచి వెళ్ళిపోయింది.